తరుగు

కారు కొనేవాడు ముందు రంగు చూస్తాడు.
నేను ముందు తలుపు వింటాను.
మెత్తగా మూసుకుంటే ఒక ధర,
గలగలమంటే ఇంకో ధర.
సేనాయోకి ఊరి చివర, రైలు పట్టాల పక్కన
పాతికేళ్లుగా ఈ చెవే నాకు అన్నం పెడుతోంది.

నవంబరు మొదటి మంగళవారం,
మూడున్నరకే చీకటి ముసురుతుంటే
అర్తు వచ్చాడు.
అతనికంటే ముందు అతని సైలెన్సర్ వచ్చింది,
మలుపు తిరక్కముందే మా కిటికీ అద్దాల్లోకి.

నీలం కారు. నేలకి నాలుగు వేళ్ల ఎత్తు.
కంకర మీద పొట్ట గీసుకుంటూ
పాక్కుంటూ లోపలికొచ్చింది.

టార్చి వేసి చుట్టూ తిరిగాను.
కురచ చేసిన స్ప్రింగులు: రెండు వందల యాభై తీసెయ్.
వెడల్పు చక్రాలు, మడ్‌గార్డు లోపల రాసుకున్న మరకలు: మూడు వందలు.
వెనక రెక్క. దానితో ఎగిరిందీ లేదు,
పీకేస్తే కింద రంగు వేరే. రెండొందలు.
డిక్కీ నిండా స్పీకర్లు.
స్పేర్ టైరేదీ?
"అమ్మేశాను. బాస్ పెట్టెకి చోటు చాల్లేదు."

జేబులోంచి రసీదుల కట్ట తీశాడు,
రబ్బరు బ్యాండు వేసి, తేదీల వరసన.
తొమ్మిది వేల నాలుగు వందల యూరోలు.
పంతొమ్మిదో ఏటి నుంచి
రంపపు మిల్లులో చేసిన రాత్రి షిఫ్టులన్నీ
ఆ కట్టలో ఉన్నాయి.
"ఇవన్నీ కలుపుతారు కదా?"

ఈ ప్రశ్న నాకు అలవాటే.
జవాబే ఇంకా అలవాటు కాలేదు.

నగ అమ్మబోతే తూకం వేస్తారు, తరుగు తీస్తారు,
మజూరీ ఎవడూ తిరిగివ్వడు.
ఇక్కడ ఇంకా అన్యాయం,
మజూరీయే తరుగు.
నువ్వు ముద్దుగా బిగించిన ప్రతి బోల్టునీ
రాబోయేవాడు అనుమానంగా చూస్తాడు:
ఇంత చేసినవాడు
దీన్ని ఎంత తోలి ఉంటాడో అని.

ఎందుకు అమ్ముతున్నావు?
అడగాలి, ఫారంలో ఆ గడి ఉంది.
"పాప," అన్నాడు. "ఏడు వారాలు.
ఈ సీట్లలో దాని బుట్ట కూర్చోదు.
నేను వీధి మొదట్లో ఉండగానే ఉలిక్కిపడి లేస్తుందట.
నాన్నొస్తున్నాడని ఏడుస్తోందీ అంటుంది సైమి."
నవ్వబోయాడు, కుదర్లేదు.

అప్పుడు నేను
షాపుకి నష్టమైన మాట ఒకటి అడిగాను.
పాత సామాన్లు దాచావా?

దాచాడు.
మామగారి సౌనా వెనక షెడ్డులో,
వార్తాపత్రికల్లో చుట్టి, మీద పేర్లు రాసి.
ఎందుకు దాచావంటే భుజాలెగరేశాడు.

పన్నెండు రోజులకి ఏదో కారొచ్చి ఆగింది.
నేను తలెత్తలేదు. వినడానికేమీ లేదు.
అర్తు బల్ల ముందుకొచ్చి నిలబడితే గాని తెలియలేదు.
బయట మంచులో నీలం కారు
కొత్తగా గుండు కొట్టించుకున్న పిల్లాడిలా
చెవులు మాత్రమే మిగిలినట్టు నిలబడి ఉంది.
సన్నని చక్రాలు. ఎలకల వాసన వేసే సీట్లు.
పదకొండు వందలు పెంచి రాశాను.

డాష్‌బోర్డు మీద మూడు కన్నాలు మిగిలిపోయాయి.
వాటికి మాత్రం షెడ్డులో దాచిందేమీ లేదు.
గుండ్రటి స్టిక్కర్లు అంటించాడు, రంగు కొంచెం తప్పింది.
ఏం మీటర్లుండేవి?
"ఒకటి ఆయిల్ వేడికి. ఒకటి టర్బోకి.
మూడోది..." చెవులెర్రబడ్డాయి,
"మూడోది దేనికీ కలపలేదు.
వరసలో మూడుంటే బాగుంటుందని పెట్టా."

రెండు కన్నాలకే తరుగు రాశాను.

బూడిద రంగు పెద్ద కారు తీసుకెళ్లాడు,
ముసలి డాక్టరు వాడింది, గీత కూడా లేదు.
ఏప్రిల్లో టైర్లు మార్పించుకోవడానికి వచ్చాడు,
వెనక సీట్లో పాప, నోరు తెరుచుకుని నిద్ర.
అలవాటుకొద్దీ ఒక చుట్టు తిరిగాను.
అన్నీ ఉన్నవున్నట్టే ఉన్నాయి,
గేరు రాడ్డు మీది పిడి తప్ప.
చెక్కది, చేత్తో చెక్కింది, కొంచెం వంకర.

అయిదు యూరోలు.
మనసులోనే రాసుకున్నాను.